కేప్ హార్న్ గాలిలో ఆరు గజాల చీర

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

కార్యదర్శి గారు ఫోను చేసి ఇరవై నిమిషాలు మాట్లాడాలన్నప్పుడు దేని మీద అని అడిగాను. "విజయ రహస్యాలు, విలువలు, యువతకు సందేశం, ఇవన్నీ మిగతావాళ్ళు పంచేసుకున్నారు. నువ్వు మీ అమ్మగారిని ఓడెక్కించి భూమి కొస దాకా తిప్పుకొచ్చావు కదా, ఆ పెట్టె ఎలా సర్దావో చెప్పు" అన్నారు. సంఘంలో సగం మంది రిటైరయ్యారు, మిగతా సగం ఆ క్యూలో ఉన్నారు. పిల్లలు టిక్కెట్లు కొనిచ్చి అమ్మానాన్నల్ని ఓడలెక్కిస్తున్నారు. మన వాట్సాప్ గ్రూపులో ఎవరు ప్రయాణమైనా మొదట వచ్చే ప్రశ్న ఏం బట్టలు పట్టుకెళ్ళాలి అనే. కాబట్టి ఇవాళ నా విషయం బట్టలు సర్దడం. నవ్వండి, పర్వాలేదు. డెబ్భై ఏడేళ్ళ, ఆయాసం ఉన్న తల్లికి బట్టలు సర్దినప్పుడు నాకు మాత్రం నవ్వు రాలేదు.

నా ఉద్యోగం మీలో కొందరికి తెలుసు. ముప్పై ఏళ్ళుగా కోల్డ్ స్టోరేజీలకు ఇన్సులేషన్ వేయిస్తున్నాను. గుంటూరు చుట్టుపక్కల మిర్చి దాచే గోదాముల్లో కొన్నింటి గోడలు నేను లెక్కలు కట్టినవే. బయట మే నెల ఎండ, లోపల అయిదు డిగ్రీలు, మధ్యలో నాలుగంగుళాల ప్యానెల్. చలిని బయటికి పోనివ్వకుండా ఆపడం నా వృత్తి. ఓడ ప్రయాణంలో అదే లెక్కను తిరగేసి, వేడిని ఒంట్లోంచి పోనివ్వకుండా ఆపాలి.

ముందు దారి చెబుతాను. 2024 జనవరిలో అర్జెంటీనాలోని బ్యూనస్ ఎయిరిస్‌లో ఓడ ఎక్కాం. ఉరుగ్వేలో మాంటెవిడియో, మళ్ళీ అర్జెంటీనాలో ప్యూర్టో మాడ్రిన్, అక్కణ్ణించి ఫాక్‌లాండ్ దీవుల్లో స్టాన్లీ, కేప్ హార్న్, ఉషుయాయా, మాజెలాన్ జలసంధిలో పుంటా అరీనస్, తరవాత చిలీ ఫియర్డులు, ప్యూర్టో మోంట్, చివరికి శాంటియాగో దగ్గర సాన్ ఆంటోనియో రేవులో దిగాం. పద్నాలుగు రాత్రులు. అక్కడ జనవరి అంటే నడి వేసవి. బ్యూనస్ ఎయిరిస్ 34 డిగ్రీల దక్షిణ అక్షాంశంలో ఉంది, కేప్ హార్న్ 56లో. కన్యాకుమారికీ ఢిల్లీకీ ఎంత తేడా ఉందో దాదాపు అంత. ఎక్కిన రోజు 33 డిగ్రీలు, మన విజయవాడ ఉక్కపోత. వారం తిరిగేసరికి అయిదు డిగ్రీలు, ఆ పైన గాలి.

మనవాళ్ళు ఇక్కడే తికమక పడతారు. ఉత్తరాన 56 డిగ్రీల దగ్గర ఎడింబరో ఉంది, మాస్కో ఉంది. అక్కడ వేసవిలో జనం పొట్టి చేతుల చొక్కాలతో తిరుగుతారు. మరి కేప్ హార్న్‌కి ఏమైంది? దక్షిణ గోళంలో ఆ అక్షాంశాల్లో నేల దాదాపు లేదు. పడమటి గాలి భూమి చుట్టూ అడ్డం లేకుండా తిరుగుతూనే ఉంటుంది. నావికులు నలభయ్యో డిగ్రీల గాలుల్ని గర్జించేవని, యాభయ్యో డిగ్రీల వాటిని ఉగ్రమైనవని పిలుస్తారు. దక్షిణ అమెరికాకూ అంటార్కిటికాకూ మధ్య 800 కిలోమీటర్ల సందు ఉంది. అంత గాలీ నీరూ ఆ సందులోంచే దూరాలి. అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి రైలుపెట్టెల్లా వస్తాయి. మనకు అక్టోబరు, నవంబరుల్లో ఒకటో రెండో వస్తే టీవీలో రోజంతా చూపిస్తారు. అక్కడ వారానికి రెండు మూడు మామూలు. అందుకే పొద్దున చూసిన వాతావరణ సూచన మధ్యాహ్నానికి పనికిరాదు.

ఇంకో సంగతి, ఆండీస్ పర్వతాలు. వాటికి తూర్పున ప్యూర్టో మాడ్రిన్‌లో ఏడాదికి 200 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన, ముళ్ళపొదలు, దుమ్ము. పడమట చిలీ ఫియర్డుల్లో కొన్ని చోట్ల 4,000 మిల్లీమీటర్లు దాటుతుంది. మనకు ఆగుంబే, అనంతపురం ఉన్నట్టే. సోషల్ మాస్టారు వర్షచ్ఛాయా ప్రాంతం అని నల్లబల్ల మీద బొమ్మ వేసి చెప్పింది ఇదే. అంటే ఒకే పెట్టెలో ఉక్కపోతకి, దుమ్ముకి, చలిగాలికి, జడివానకి, చివర్లో మళ్ళీ పొడి ఎండకి, అన్నిటికీ బట్టలు ఉండాలి. విమానంలో మనిషికి 23 కిలోలు.

ఇంత దూరం ఎందుకు పోవడం అంటారా? మా అమ్మ అయిదో తరగతి దాకా చదువుకుంది. నేను ఏడో తరగతిలో ఉండగా అరుగు మీద కూర్చుని భూగోళం బట్టీ పట్టేవాణ్ణి. ఆవిడ రుబ్బురోలు దగ్గర పిండి రుబ్బుతూ వినేది. నాన్నగారు పోయిన మరుసటి ఏడు "కాశీ వెళ్దామా అమ్మా?" అని అడిగాను. "కాశీ మీ నాన్నతో చూశాను కదరా. నువ్వు చిన్నప్పుడు గొంతు చించుకుని చదివేవాడివే, హార్న్ అగ్రం, హార్న్ అగ్రం అని. అక్కడేముంటుంది?" అంది. నలభై ఏళ్ళు ఆ మాట ఆవిడ మనసులో ఎలా ఉండిపోయిందో నాకు తెలీదు. అక్కడ గాలి తప్ప ఏమీ ఉండదని చెప్పాను. "అయితే ఆ గాలే చూద్దాం" అంది.

మా చెల్లెలు ఒప్పుకోలేదు. "అన్నయ్యా, అమ్మకి మన ఊరి డిసెంబరే చలి. తెల్లారుజామున ఇన్‌హేలర్ పీలుస్తుంది. నీ సరదాకి ఆవిణ్ణి మంచు గాలిలో నిలబెడతావా?" అంది. నా మీద కోపంతో అన్న మాట కాదది. డాక్టరు గారు కూడా దాదాపు అదే చెప్పారు. కాకపోతే ఆయన వద్దనలేదు. చల్లటి గాలి ముక్కులోకి నేరుగా పోకూడదు, మెడ, ఛాతీ, పాదాలు ఆరుగా, వెచ్చగా ఉండాలి అన్నారు. ఇన్‌హేలర్‌ని పై కోటు జేబులో కాక ఒంటికి ఆనుకునే లోపలి జేబులో పెట్టమన్నారు, డబ్బా చల్లబడితే మందు సరిగా రాదట. నాకు కావలసినదీ అలాంటి స్పష్టమైన స్పెసిఫికేషనే.

ఇంక అమ్మ షరతు. ప్యాంట్లూ, చుడీదార్లూ వేసుకోదు. పుట్టి బుద్ధెరిగాక చీర తప్ప కట్టలేదు, ఇప్పుడు పరాయి దేశంలో వేషం మార్చదు. "చలేస్తే గదిలో కూర్చుంటాను" అంది. పదిహేను రోజులు గదిలో కూర్చోబెట్టడానికి అంత దూరం తీసుకెళ్ళడమెందుకు? కాబట్టి ప్రశ్న ఇలా తయారైంది: చీర చీరలాగే ఉండాలి, లోపల మనిషి వెచ్చగా ఉండాలి.

ఇక్కడ మన సైన్సు మాస్టారిని తలుచుకోవాలి. నీటి బాష్పీభవన గుప్తోష్ణం గ్రాముకి 540 కేలరీలని చేతి మీద బెత్తంతో రాయించారు. అది మరిగే నీటి లెక్క, ఒంటి వేడి దగ్గర అయితే 580 దాకా ఉంటుంది. మన నూలు బట్ట చెమటనీ వాననీ పీల్చుకుని పట్టుకుంటుంది. మన ఎండకి అదే దాని గొప్పతనం, కుండలో నీళ్ళు చల్లబడినట్టు ఒళ్ళు చల్లబడుతుంది. చలిలో అదే దాని తప్పు. బట్టలో 100 గ్రాముల నీళ్ళు ఆగాయనుకోండి, అవి ఒంటి వేడితోనే ఆరాలంటే 58,000 కేలరీలు కావాలి. ఊరికే కూర్చున్న మనిషి వంద వాట్ల బల్బుతో సమానం, గంటకి 86,000 కేలరీలు పుట్టిస్తాడు. అంటే నలభై నిమిషాల ఒంటి వేడి మొత్తం ఒక చొక్కా ఆరబెట్టడానికే ఖర్చవుతుంది. పైగా కదలని గాలి కంటే నీళ్ళు సుమారు 24 రెట్లు వేడిని మోసుకుపోతాయి. తడిసిన నూలు బనీను మీద ఎంత ఖరీదైన స్వెట్టరు వేసినా దండగ.

ఉన్ని అలా కాదు. తన బరువులో మూడో వంతుకి దగ్గరగా తేమని పోగు లోపలికి లాక్కుని కూడా ఒంటికి తడి తగలనివ్వదు. పట్టు కూడా అదే జాతి, రెండూ జంతువు ఇచ్చిన పోగులు. చిన్నప్పుడు మా పక్కింటి మామ్మగారు మడికి ధావళి కట్టుకుని చలికాలం తెల్లారుజామున బావి దగ్గర నీళ్ళు తోడేవారు. ఆవిడకి వణుకు ఎందుకు రాదా అని ఆశ్చర్యపడేవాళ్ళం. ధావళి అంటే ఉన్నే కదా.

నిజానికి వెచ్చదనం ఇచ్చేది బట్ట కాదు, బట్టలో చిక్కుకుని కదలకుండా ఉన్న గాలి. థర్మోకోల్లోనైనా, పఫ్ ప్యానెల్లోనైనా, పూరి కప్పులోనైనా పని చేసేది ఆ గాలే. అందుకే ఒక్క మందపాటి కోటు కంటే మూడు పల్చటి పొరలు మేలు. ఒంటికి అంటుకునే పొర చెమటని బయటికి పంపాలి, మధ్య పొర గాలిని పట్టి ఉంచాలి, పై పొర గాలినీ వాననీ ఆపాలి. ఎండొస్తే ఒకటి తీసేస్తాం, మబ్బేస్తే తగిలించుకుంటాం. వాతావరణాన్ని ముందే ఊహించాల్సిన పని తప్పుతుంది. బట్ట ఆపే వేడిని కొలిచే కొలత కూడా ఉంది, దాన్ని క్లో అంటారు, 1941లో అమెరికాలో పెట్టారు. చీరకి ఎన్ని క్లోలో చూడడానికి వేడెక్కే బొమ్మకి చీర కట్టి కొలిచిన శాస్త్రవేత్తలూ ఉన్నారు. కొంగు భుజం చుట్టూ తిప్పి కప్పితే విలువ పెరుగుతుంది. మన అమ్మమ్మలు ఏ బొమ్మా లేకుండానే ఆ పని చేసేవాళ్ళు.

ఇంజనీరుగా చూస్తే చీరకి రెండు లోపాలు ఉన్నాయి. ఆడవాళ్ళు కోపగించకండి, చలి ప్రదేశం వరకే చెబుతున్నాను. ఒకటి, కింద తెరిచి ఉంటుంది. నడిచినప్పుడల్లా కింది నుంచి చల్లగాలి లోపలికి, లోపలి వేడి పైకి, పొగగొట్టంలా. రెండోది కొంగు. గాలి ఒత్తిడి వేగపు వర్గంతో పెరుగుతుంది. ఓడ గంటకి పది నాట్లు పోతూ ఎదురుగాలి ముప్పై నాట్లు ఉంటే, డెక్కు మీద నిలబడ్డ మనిషికి నలభై నాట్లు, అంటే గంటకి 74 కిలోమీటర్లు తగులుతుంది. అర చదరపు మీటరు కొంగు తెరచాపలా నిండితే పదమూడు కిలోల బరువు భుజం పట్టుకుని లాగినట్టు. డెబ్భై ఏడేళ్ళ మనిషిని పడేయడానికి అది చాలు.

కాబట్టి ఇలా చేశాం. ఒంటికి అంటుకుని మెరీనో ఉన్ని బనీను, కాళ్ళకి అదే రకం లెగ్గింగు. కుట్టుపని మా వీధి టైలరుది. ఆయన పల్చటి ఉన్ని గుడ్డతో పూర్తి చేతుల జాకెట్టు, ఫ్లానెల్ లంగా కుట్టాడు. మీద సిల్కు చీర, కుచ్చిళ్ళు పిన్నులతో బిగించి, చీలమండకి రెండంగుళాలు పైకి కట్టాలి. మెట్ల మీద తొక్కుకోకుండా ఉంటుంది, తడి డెక్కు మీద అంచు నానదు. చలి రోజులకి నూలు చీరలు వద్దు. కొంగు నడుము చుట్టూ తిప్పి దోపి, దాని మీద పల్చటి దూది కోటు, అన్నిటి మీదా మోకాళ్ళు దిగే రెయిన్ కోటు. అది ఒక సైజు పెద్దది కొనాలి, పైనుంచీ కిందనుంచీ కూడా తెరుచుకునే జిప్పు ఉండాలి. అప్పుడే చీరతో కూర్చోవచ్చు. శాలువా కోటు లోపల కప్పాలి, బయట కాదు. బయట కప్పిన శాలువా గాలికి ఎటు పోతుందో సముద్రానికే తెలియాలి. తలకి మంకీ క్యాపు, అది ఉన్న వాళ్ళు ఖరీదైన టోపీలు కొనక్కర్లేదు. ముక్కు మీదకి లాక్కోవడానికి మెత్తటి స్కార్ఫు.

చెప్పడం బాగానే ఉంది, పని చేస్తుందా? పరీక్షించకుండా నేను ఏ గదికీ సర్టిఫికెట్ ఇవ్వను. తెలిసిన గోదాము యజమానిని అడిగి అమ్మని అక్కడికి తీసుకెళ్ళాను. మిర్చి గదిలోకి కాదు, ఆ ఘాటుకి ఆయాసం లేనివాడికీ వస్తుంది. శనగలు దాచిన గదిలోకి. అయిదు డిగ్రీలు. చెల్లెలు కూడా వచ్చి తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది. హమాలీలు శనగ బస్తా మీద గోనె పరిచి "కూకో పెద్దమ్మా" అన్నారు. కూలింగ్ కాయిల్ ఫ్యాను గాలి సూటిగా తగిలే చోట కూర్చోబెట్టాను. పది నిమిషాలయ్యాక "వీపు వెచ్చగా ఉందిరా. మోకాళ్ళ కింద మాత్రం ఎవరో చన్నీళ్ళు పోస్తున్నట్టుంది" అంది. నా పొగగొట్టం లెక్క రుజువైంది. మోకాలి దాకా వచ్చే ఉన్ని మేజోళ్ళు తెప్పించి, లంగా అంచున వదులుగా ఎలాస్టిక్ వేయించి వారం తరవాత మళ్ళీ తీసుకెళ్ళాను. ఈసారి ఇరవై నిమిషాలు కూర్చుంది. హమాలీలతో శనగల ధర గురించి మాట్లాడుతూ లేవనంది. బయటికి వచ్చాక చెల్లెలు అమ్మ అరచేతులు పట్టుకుని చూసింది. వెచ్చగా ఉన్నాయి. "పోనీ తీసుకెళ్ళు. రోజూ ఫోను చెయ్యి" అంది నాతో, మొహం చూడకుండా.

చీర కంటే పెద్ద గొడవ బూట్లతో వచ్చింది. అమ్మ జన్మలో బూట్లు తొడగలేదు. చెప్పులతో ఓడ డెక్కు మీద, అందులోనూ తడిగా ఉన్నప్పుడు, నడవనివ్వకూడదు. ప్రయాణానికి నెల ముందు కొని, రోజూ పొద్దున్నే డాబా మీద అరగంట నడిపించాం. మొదటి వారం "గాడిదకి లాడం కొట్టినట్టుంది" అని తిట్టింది. మూడో వారానికి పాలు తేవడానికి కూడా వాటితోనే వెళ్ళింది. బూట్లు ప్రయాణంలో కొత్తవి కాకూడదు. మేజోళ్ళు వేసుకుని కొలత చూసుకోండి. మెట్టెలు ఉన్నవాళ్ళు వేళ్ళ దగ్గర ఇంకాస్త వదులు చూసుకోవాలి.

పెట్టెల సంగతి. మేం ముగ్గురం, నేను, మా ఆవిడ, అమ్మ. మూడు పెట్టెలు. ఎవరి పెట్టె వాళ్ళకి అన్న పద్ధతి నేను పెట్టలేదు. ప్రతి పెట్టెలో ముగ్గురి బట్టలూ తలా కొంచెం. మా ఆవిడకి చిరాకేసింది, చీర కావాలంటే మూడు పెట్టెలు తెరవాలి. ఫ్యాక్టరీలో ఒకే పంపు మీద ఆధారపడకూడదన్న సూత్రం ఇంట్లో చెబితే ఎవరికి నచ్చుతుంది? చేతి సంచిలో మాత్రం మందులు, ముగ్గురి రెయిన్ కోట్లు, అమ్మ బూట్లు, ఒక్కో జత లోపలి ఉన్ని బట్టలు.

బ్యూనస్ ఎయిరిస్‌లో దిగితే రెండు పెట్టెలే వచ్చాయి. విమాన సంస్థ కౌంటరులో అమ్మాయి రేపు వస్తుందని నవ్వుతూ చెప్పింది. ఓడ కదిలేది కూడా రేపే. మామూలు ప్రయాణమైతే పెట్టె హోటలుకి వస్తుంది, ఓడ అయితే మనం పెట్టె కంటే ముందు పారిపోతూ ఉంటాం. ఒకసారి ఓడ రేవు దాటాక, పెట్టె మనల్ని పట్టుకోవడం కష్టం. మా పెట్టె పట్టుకోలేదు. మేం ఇల్లు చేరిన నాలుగో రోజున నింపాదిగా ఇంటికొచ్చింది. అది అమ్మ ఒక్కదాని పెట్టే అయి ఉంటే కేప్ హార్న్ కథ అక్కడితో ముగిసేది. పోయినవి తలా ఓ అయిదారు బట్టలు. అమ్మకి ఉన్ని బనీను, లెగ్గింగు రెండు జతల్లో ఒక్కటే మిగిలింది, చేతి సంచిలోది.

ఒక్క జతతో పద్నాలుగు రోజులు. రోజూ రాత్రి మా ఆవిడ వాటిని బేసినులో గోరువెచ్చటి నీళ్ళలో జాడించేది. నేను పొడి తువ్వాలు పరిచి, దాని మీద బనీను పెట్టి చాపలా చుట్టి, మోకాలితో నొక్కేవాణ్ణి. పిండకూడదు, ఉన్ని సాగిపోతుంది. తువ్వాలు సగం తేమ లాగేస్తుంది. ఓడ గదుల గోడలు చాలావరకు ఇనప రేకులవి, అయస్కాంతం కొక్కేలు అతుక్కుంటాయి. ఒక డజను పట్టుకెళ్ళండి, బరువు కూడా పెద్దగా ఉండదు. ఏసీ గాలి తగిలే చోట వేలాడదీస్తే తెల్లారేసరికి ఆరిపోయేది, గదిలో గాలి అంత పొడిగా ఉంటుంది. నూలు బట్ట మాత్రం అక్కడ కూడా రెండో రోజు దాకా చెమ్మగానే ఉండేది. మా ఆవిడ నూలు నైటీయే సాక్ష్యం. ఇస్త్రీపెట్టెలూ ఆవిరి యంత్రాలూ చాలా ఓడల్లో గదుల్లోకి రానివ్వరు, నిప్పు భయం. దీపం కూడా వెలిగించనివ్వరు. దీపం ఎప్పుడు పెట్టాలని అమ్మ ఎలాగూ గందరగోళంలో ఉంది, ఉషుయాయాలో రాత్రి పదింటికి కూడా వెలుతురే.

స్టాన్లీలో పెద్ద ఓడ రేవుకి రాదు. దూరంగా లంగరు వేసి చిన్న పడవల్లో ఒడ్డుకి చేరుస్తారు. గాలి ఎక్కువైతే ఆ రోజు దిగడమే ఉండదు. మాకు దిగే భాగ్యం కలిగింది. దిగినప్పుడు ఎండ, 13 డిగ్రీలు, అమ్మ రెయిన్ కోటు తీసి నా చేతికిచ్చింది. చర్చి దాకా నడిచేసరికి వాన. పోస్టాఫీసు దగ్గర మళ్ళీ ఎండ. తిరుగు పడవలో అల ఎగిరి ఉప్పునీళ్ళు మీద పడ్డాయి. మా పక్కన కూర్చున్న ఒకాయన జీన్స్ ప్యాంటు పూర్తిగా నానిపోయి గదికి చేరేదాకా వణుకుతూనే ఉన్నాడు. జీన్స్ గురించి నేను ఇంతకంటే చెప్పను.

మరునాడు దాటి ఆ తరవాతి పొద్దున కేప్ హార్న్. రాత్రంతా ఓడ ఊగింది, అమ్మ మాత్ర వేసుకుని పడుకుంది. ఆరింటికి మైకులో కెప్టెన్ చెప్పాడు, అయిదు డిగ్రీలు, గాలి బాగా ఉంది, డెక్కు మీదకి వచ్చేవాళ్ళు పట్టుకమ్మీ వదలొద్దు అని. అయిదు డిగ్రీల చలిలో గంటకి 40 కిలోమీటర్ల గాలి ఉంటే బయట ఉన్న చర్మానికి సున్నా కంటే ఒక డిగ్రీ కిందున్నట్టు తోస్తుంది. ఆ పొద్దున గాలి అంతకంటే ఎక్కువే. అమ్మకి మా ఆవిడ ఒక్కో పొరా తొడుగుతుంటే పెళ్ళికూతుర్ని చేస్తున్నట్టుంది. గాలి చాటున ఉన్న పక్క తలుపు తీశాం. ఇది గుర్తుంచుకోండి, ఓడకి ఎప్పుడూ ఒక పక్క గాలి చాటు ఉంటుంది. ఏ పక్కో సిబ్బందిని అడిగితే చెబుతారు.

ముందు ఏమీ కనపడలేదు, బూడిదరంగు నీళ్ళూ, బూడిదరంగు ఆకాశం. తరవాత మబ్బు కొంచెం చీలి, నల్లటి రాతికొండ ఒకటి వచ్చింది. అంతే. పైన చిలీ నౌకాదళం దీపస్తంభం. అక్కడ ఒక ఉద్యోగి కుటుంబంతో సహా ఉంటాడని చెబితే "పిల్లలు బడికెలా వెళ్తారురా?" అని అడిగింది. 1914లో పనామా కాలువ తెరిచేదాకా చాలా సరుకు ఓడలు ఈ మూల తిరిగే పోయేవని, ఎన్నో ఓడలు ఇక్కడే మునిగాయని చెప్పాను. అమ్మ మాట్లాడలేదు. స్కార్ఫు ముక్కు మీదకి లాక్కుని, ఒక చేత్తో కమ్మీ, ఒక చేత్తో నా మోచేయి పట్టుకుని నిలబడింది. కోటు అంచు కింద రెండంగుళాల చీర, ముదురాకుపచ్చ, నాన్నగారు కొన్నది, గాలికి టపటపా కొట్టుకుంటోంది. కుచ్చిళ్ళు కదల్లేదు. నేను గడియారం చూశాను. పదకొండు నిమిషాలు. "చాలు, పద. కాఫీ తాగుదాం" అంది. లోపలికి వచ్చాక అరచేతులు పట్టుకు చూశాను. వెచ్చగా ఉన్నాయి. ఆ రోజు ఇన్‌హేలర్ జేబులోంచి తియ్యలేదు. సిగ్నల్ దొరికాక చెల్లెలికి ఆ సంగతే మొదట చెప్పాను.

మిగతా దారి త్వరగా చెప్పేస్తాను. పుంటా అరీనస్‌లో వేసవిలోనే గాలి ఎక్కువ. గాలి మరీ రేగిన రోజుల్లో జనం పట్టుకోవడానికి వీధుల్లో తాళ్ళు కడతారట, మాకు ఆ అవసరం రాలేదు. ఫియర్డుల్లో చలి తక్కువ, తడి ఎక్కువ. అక్కడ పని చేసింది రెయిన్ కోటు ఒక్కటే. సాన్ ఆంటోనియో దగ్గర ఎండ, కానీ అక్కడి సముద్రం చల్లటి ప్రవాహం కాబట్టి పొద్దున పూట ఒక శాలువా కావాలి. అమ్మ నూలు చీరలు మొదటి రెండు రోజులూ చివరి రెండు రోజులూ కట్టింది, నాలుగు చాలాయి. చిలీలో దిగేటప్పుడు తినుబండారాలు, గింజలు, పండ్లు ఏమున్నా ముందే రాసి తెలియజేయాలి, చాలా గట్టిగా తనిఖీ చేస్తారు. కారప్పొడి కూడా రాయండి.

మగవాళ్ళకి రెండు మాటలు. మూడు ప్యాంట్లు, త్వరగా ఆరే రకం. ఓడలో రెండు మూడు రాత్రులు ముస్తాబై భోజనానికి రమ్మంటారు, దానికి ఒక కోటు చాలు. సూటు మొయ్యకండి, ఆ బరువులో రెండు స్వెట్టర్లు వస్తాయి. ఆడవాళ్ళకి ఆ బెంగే లేదు. ఒక పట్టుచీర కడితే ఆ హాల్లో అంతకంటే బాగా తయారైనవాళ్ళు ఎవరూ ఉండరు. అమ్మ ఆ రాత్రి కట్టిన వెంకటగిరి చీర అంచు పట్టుకుని ఒక కెనడా ముసలావిడ ఎన్ని గజాలని అడిగింది. ఆరు అని వేళ్ళు చూపిస్తే నమ్మలేదు, మా ఆవిడ గదికి తీసుకెళ్ళి మరో చీర విప్పి చూపించింది.

వచ్చాక పెట్టెలు తూచాను. అమ్మ వస్తువులన్నీ కలిపి, కోట్లు, బూట్లతో సహా, పదకొండున్నర కిలోలు. ఒక్కసారి కూడా వాడనివి రెండు జాకెట్లు, ఒక గొడుగు. ఆ గాలిలో గొడుగు తెరిచినవాళ్ళని చూశాను, కాడ మాత్రం మిగిలింది.

ఆ రెయిన్ కోటు, ఫ్లానెల్ లంగా ఇప్పుడు మా చెల్లెలి దగ్గర ఉన్నాయి. జూన్‌లో అలాస్కా వెళ్తోంది, నెల నుంచీ డాబా మీద బూట్లతో నడుస్తోంది. పక్కన కుర్చీ వేసుకుని పర్యవేక్షణ మా అమ్మది.

లంగా కొలతలూ టైలరు దుకాణం ఎక్కడో కావలసినవాళ్ళు భోజనాల దగ్గర కలవండి. పులిహోర వాసన ఇక్కడిదాకా వస్తోంది, డ్రిల్లు మాస్టారు అప్పుడే రెండుసార్లు గడియారం చూశారు.